బాండా జాజికాయ, బందరు బట్ట

అందరికీ నమస్కారం. యూరప్ ప్రపంచం మీద చూపిన ప్రభావం గురించి మాట్లాడమని అడిగారు. చాలా పెద్ద విషయం అది, గంటలో అన్ని దేశాలూ చుట్టి వస్తే ఏ ఒక్కటీ మనసులో నిలవదు. అందుకని ఒకే ఒక్క చోటు తీసుకుంటాను. ఇండొనేసియా తూర్పు వైపు, మలుకు ప్రాంతంలో, బాండా అనే చిన్న దీవుల గుంపు ఉంది. లోంతోర్, నేరా, ఆయ్, రన్, ఇంకొన్ని చిన్నవి, మధ్యలో ఒక అగ్నిపర్వతం. మ్యాపులో వేలు పెట్టి వెతికితే తప్ప దొరకవు. కానీ 400 ఏళ్ల కిందట అక్కడ జరిగినదానికీ మన కృష్ణా గోదావరి తీరానికీ నేరుగా సంబంధం ఉంది, ఆ సంగతి మన పాఠాల్లో ఎక్కడా చెప్పరు.

మన దగ్గర ఈ చర్చ ఎప్పుడొచ్చినా రెండే మాటలు వినిపిస్తాయి. దోచుకున్నారు అంటారు కొందరు, రైళ్లూ ఇంగ్లీషు చదువులూ ఇచ్చారుగా అంటారు ఇంకొందరు. రెండూ 19వ శతాబ్దపు మాటలే. వాళ్లు రాజ్యాలు సంపాదించకముందు, ఓడలేసుకుని వచ్చి మన రేవుల్లో అనుమతి కోసం నిలబడ్డ రోజుల్లో ఏం చేశారన్నది చూస్తే అసలు పద్ధతి అర్థమవుతుందని నా నమ్మకం.

ముందు చెట్టు గురించి చెప్తాను. మనం బిర్యానీలో వేసుకునే జాజికాయా, జాపత్రీ ఒకే చెట్టువి. పండు పగిలితే లోపల ఎర్రటి వల లాంటి పొర ఉంటుంది, అది ఎండితే జాపత్రి. దాని లోపలి గింజలో ఉండే పప్పు జాజికాయ. నాటాక ఆరేడేళ్లకి కాపుకొస్తుంది, తర్వాత దశాబ్దాల పాటు కాస్తుంది, పైన పెద్ద చెట్ల నీడ కావాలి, అగ్నిపర్వతం బూడిద కలిసిన నేల కావాలి, సముద్రపు తేమ కావాలి. ఇవన్నీ కుదిరిన చోటు బాండా. 18వ శతాబ్దం రెండో సగం దాకా ప్రపంచ మార్కెట్‌కి వచ్చే జాజికాయ అంతా ఆ నాలుగైదు చిన్న దీవుల నుంచే వచ్చేది. మన ఆయుర్వేదంలో వాడిన జాజికాయ, కైరోలో అమ్మిన జాజికాయ, వెనిస్ వర్తకులు కొన్న జాజికాయ, అన్నీ అక్కడివే.

అక్కడి మనుషులకి రాజు లేడు. ఒరాంగ్ కాయా అనే పెద్దమనుషులు ఊరి వ్యవహారం చూసేవాళ్లు, అందరూ కూర్చుని మాట్లాడుకుని నిర్ణయించేవాళ్లు. చాలామంది ముస్లింలు, మంచి నావికులు, ఇప్పటి మలేసియాలోని మలక్కా రేవు దాకా సొంత పడవల్లో వెళ్లొచ్చిన వర్తకులు. దీవుల్లో తిండిగింజలు చాలినన్ని పండవు. బియ్యం జావా నుంచి రావాలి, సాగో అనే చెట్టు పిండి చుట్టుపక్కల దీవుల నుంచి రావాలి. ఆ తర్వాత వాళ్లు కోరుకున్న ముఖ్యమైన సరుకు బట్ట, అదీ మన దేశపు నూలు బట్ట. గుజరాత్ నుంచి వచ్చినదీ, మన తూర్పు తీరం నుంచి వచ్చినదీ. కట్టుకోవడానికి మాత్రమే కాదు, పెళ్లికి పెట్టడానికి, చావుకి కప్పడానికి, ఆస్తిగా దాచుకోవడానికి. సులావెసి దీవిలో తొరాజా ప్రజలు మన దేశం నుంచి వెళ్లిన పాత బట్టల్ని కొన్ని శతాబ్దాల పాటు పవిత్రంగా దాచుకున్నారు, ఇప్పుడు అవి పెద్ద పెద్ద మ్యూజియాల్లో ఉన్నాయి. మన నేతగాడి చేతిలో తయారైన బట్ట అంత దూరాన దేవుడి సామాను పక్కన చేరిందన్నమాట.

అంటే యూరప్ ఓడలు రాకముందే ఇదంతా నడుస్తోంది. తెలుగు, తమిళ, గుజరాతీ, అరబ్, మలయ్, జావా వర్తకులు అందరూ ఉన్నారు. పోటీలు, మోసాలు, సముద్రపు దొంగలు కూడా ఉన్నారు, అదేదో స్వర్ణయుగమని నేను చెప్పడం లేదు. కానీ ఒక సరుకు మొత్తం నా ఒక్కడికే దక్కాలి, ఇంకెవరు కొన్నా చంపుతాను అని ఆ సముద్రంలో ఎవరూ అనలేదు, అనే బలం కూడా ఎవరికీ లేదు.

పోర్చుగీసువాళ్లు 1511లో మలక్కా పట్టుకున్నారు, మరుసటి ఏడాది బాండా చేరారు. చేరారు గానీ అక్కడ కోట కట్టి నిలబడలేకపోయారు, ఎక్కువగా కొనుక్కుని పోయేవాళ్లే. ఈ భాగం త్వరగా దాటేస్తాను, ఎందుకంటే లెక్క మారింది డచ్చివాళ్లతో, అంటే నెదర్లాండ్స్ వాళ్లతో. 1602లో ఆమ్‌స్టర్‌డామ్ తదితర ఊళ్ల వర్తకులంతా కలిసి డచ్ ఈస్టిండియా కంపెనీ పెట్టారు. వాటాలు అమ్మారు, మామూలు జనం కూడా కొన్నారు, ఆ వాటాలు చేతులు మారడం మొదలైంది. ఆ దేశ ప్రభుత్వం ఈ కంపెనీకి ఇచ్చిన పట్టా చూడండి: ఆసియాలో యుద్ధం చేయొచ్చు, కోటలు కట్టొచ్చు, రాజులతో ఒప్పందాలు చేసుకోవచ్చు, సైనికుల్ని పెట్టుకోవచ్చు. లాభం కోసం పుట్టిన సంస్థకి సైన్యం ఉంది, ఆ సైన్యం ఖర్చు కూడా లాభంలోంచే రావాలి. నా దృష్టిలో యూరప్ ప్రపంచానికి తెచ్చిన అసలు కొత్త సరుకు ఈ కంపెనీ అనే ఏర్పాటే.

ఇక్కడ వాళ్లకొచ్చిన చిక్కు ఏంటంటే, ఆసియాలో అమ్మడానికి యూరప్ దగ్గర పెద్దగా ఏమీ లేదు. ఉన్ని బట్టలు తెచ్చారు, భూమధ్యరేఖ దగ్గర ఉండే మనుషులు ఉన్ని బట్ట ఏం చేసుకుంటారు? వెండి ఉంది, అదీ దక్షిణ అమెరికాలో పొటోసి కొండల్లో అక్కడి ఆదివాసుల చేత బలవంతంగా తవ్వించి స్పెయిన్ వాళ్లు తెచ్చిన వెండి. కానీ జాజికాయ పండించేవాళ్లు అడిగేది వెండి కాదు, బట్ట. సరే, బట్ట ఎక్కడ దొరుకుతుంది? అలా 1605లో డచ్చి ఓడ బందరు రేవుకి వచ్చింది. మరుసటి ఏడాది గోల్కొండ సుల్తాన్ మహమ్మద్ కులీ కుతుబ్‌షా దగ్గర ఫర్మానా తీసుకుని బందర్లోనూ, నిజాంపట్నంలోనూ వర్తక కొఠీలు పెట్టారు. నిజాంపట్నం వైపు దొరికే చిరివేరుతో వచ్చే ఎరుపుకి అప్పట్లో గొప్ప పేరు. తర్వాత పాలకొల్లు, ద్రాక్షారామం, భీమునిపట్నం, ఇలా ఒక్కొక్కటిగా పెరిగాయి. మచిలీపట్నంలో వలందపాలెం ఇప్పటికీ ఉంది, వలందులంటే డచ్చివాళ్లే, బందరుకోటలో వాళ్ల సమాధులు ఉన్నాయి, మీలో చాలామంది చూసే ఉంటారు.

1612లో హెండ్రిక్ బ్రౌవర్ అనే కంపెనీ పెద్ద అధికారి ఒక మాట రాశాడు. కోరమాండల్ తీరం మలుకు దీవులకి ఎడమ చెయ్యి లాంటిది, ఆ తీరం బట్టలు లేకపోతే మలుకులో వర్తకం చచ్చిపోయినట్టే అని. ఆ ఎడమ చెయ్యి అన్నది మన నేత ఊళ్లని. బయానా తీసుకుని మగ్గం మీద కూర్చున్న సాలెవాడికి ఆ బట్ట ఎక్కడికి పోతుందో తెలియదు, వర్తకుడికి ఇచ్చాడు, వర్తకుడు కొఠీకి ఇచ్చాడు, అక్కడితో అతని పని అయిపోయింది. అతన్ని తప్పు పట్టడానికి ఏమీ లేదు. కానీ ఆ బట్టతోనే కంపెనీ బాండాలో కాలు పెట్టగలిగిందన్న సంగతి మనం తెలుసుకోవాలి.

బాండాలో ఏం చేశారో చెప్తాను. మొదట కాగితాలు రాయించుకున్నారు. 1602 నుంచే కొందరు ఒరాంగ్ కాయాల చేత సంతకాలు పెట్టించారు, జాజికాయ మాకే అమ్మాలి, ఇంకెవరికీ అమ్మకూడదు అని. మన పల్లెల్లో చదువురాని రైతు చేత షావుకారు ప్రోనోటు మీద వేలిముద్ర వేయించుకున్నట్టే ఇది. సంతకం పెట్టినవాళ్లు కొందరు, పెట్టనివాళ్లు చాలామంది, పెట్టినవాళ్లకైనా ఆ కాగితం అన్ని కాలాలకీ తమని కట్టేస్తుందని తెలుసో లేదో. పైగా డచ్చివాళ్లు చాలినంత బియ్యం తేరు, ఇచ్చే ధర తక్కువ. ఆకలేస్తే మనిషి ఏం చేస్తాడు, జావా వాడు బియ్యం తెస్తే వాడికి అమ్మాడు, ఇంగ్లీషు వాడు ఎక్కువ ధర ఇస్తే వాడికి అమ్మాడు. దాన్ని కంపెనీ ఒప్పందం తప్పడం అంది, నేరం అంది.

1609లో పీటర్ వెర్హూవెన్ అనే అడ్మిరల్ సైన్యంతో వచ్చి నేరా దీవి మీద కోట కట్టడం మొదలుపెట్టాడు. బాండా జనం మాట్లాడుకుందాం రమ్మని పిలిచి అతన్నీ, అతని మనుషుల్లో కొందర్నీ చంపేశారు. హత్య హత్యే, అది దాచాల్సిన పని లేదు. ఆ నౌకాదళంలో యాన్ పీటర్‌జూన్ కూన్ అనే కుర్ర గుమాస్తా ఉన్నాడు. పదేళ్లలో అతనే కంపెనీకి ఆసియాలో గవర్నర్ జనరల్ అయ్యాడు, 1619లో జయకర్త ఊరిని తగలబెట్టి ఆ చోట బటావియా కట్టాడు, అదే ఇప్పటి జకార్తా. వర్తకం లేకుండా యుద్ధం సాగదు, యుద్ధం లేకుండా వర్తకం సాగదు అని 1614లోనే పై అధికారులకి రాసిన మనిషి అతను.

1621లో కూన్ దాదాపు 2 వేల మందితో బాండా మీద పడ్డాడు. జపాన్ నుంచి కిరాయికి తెచ్చిన కత్తి యోధులు కూడా ఉన్నారు అందులో. లోంతోర్ దీవి పట్టుకున్నారు, ఊళ్లు తగలబెట్టారు, పడవలు ధ్వంసం చేశారు, జనం కొండల మీదకి పోతే కింద కాపలా పెట్టి తిండి అందకుండా చేశారు. కొందరు పట్టుబడేకన్నా మేలని కొండ అంచు నుంచి సముద్రంలోకి దూకారు. మే నెలలో 44 మంది ఒరాంగ్ కాయాలని నేరా మీద కట్టిన ఆ నసావ్ కోట దగ్గర వెదురు కంచె లోపల నిలబెట్టి, ఆ జపాన్ యోధుల చేత నరికించారు. వాళ్లలో ఒకాయన అయ్యా, మీకు దయ లేదా అని డచ్చి భాషలోనే అడిగాడని, అక్కడ ఉన్న డచ్చివాడే ఒకడు రాసిపెట్టాడు. వందలమందిని బానిసలుగా ఓడలెక్కించి బటావియా పంపారు. దాడికి ముందు ఆ దీవుల్లో 15 వేల మంది దాకా ఉండేవాళ్లని చరిత్రకారుల అంచనా, కొన్నేళ్లలో అక్కడ మిగిలింది సుమారు వెయ్యి మంది.

కాసేపు ఆగుతాను. ఎందుకంటే ఈ అంకెలు చెప్పి వెంటనే తర్వాతి విషయానికి పోవడం నాకు నచ్చదు. ఒక జాతి తన ఊళ్లో లేకుండా పోయింది. కారణం మతం కాదు, పాత పగ కూడా పూర్తిగా కాదు, ఒక గింజ ధర ఆమ్‌స్టర్‌డామ్‌లో తగ్గకూడదు అన్నది.

ఆ రోజుల్లో అలాగే ఉండేదండీ, అప్పటి మనుషులకి అది తప్పనిపించలేదు అనే వాదన ఒకటి వస్తుంది. అది నిజం కాదు. కూన్‌కి ముందు గవర్నర్ జనరల్‌గా ఉన్న లౌరెన్స్ రియాల్ ఈ జులుం పద్ధతిని వ్యతిరేకించాడు, స్టీవెన్ వాన్ డెర్ హాగెన్ అనే అడ్మిరల్ కూడా వ్యతిరేకించాడు. ఇద్దరూ డచ్చివాళ్లే, ఇద్దరూ కంపెనీ మనుషులే. డైరెక్టర్లు కూడా కూన్‌ని కాస్త మందలించారు. మందలించి, 1627లో మళ్లీ అదే పదవిలో పంపారు. తప్పని తెలుసు, లాభం బావుంది, అంతే.

మనుషులు లేరు, చెట్లు ఉన్నాయి. మరి కాయ ఎవరు కొయ్యాలి? తోటల్ని 68 ముక్కలు చేసి కంపెనీ నుంచి రిటైరైన డచ్చివాళ్లకీ, తదితరులకీ ఇచ్చారు, కాయంతా కంపెనీ చెప్పిన ధరకే ఇవ్వాలి. పనికి బానిసల్ని తెచ్చారు. ఎక్కడెక్కడి నుంచి అంటే బాలి, బూటన్, కేయ్ దీవులు, మలబార్, ఇంకా మన కోరమాండల్ తీరం నుంచి. పులికాట్ దగ్గర డచ్చివాళ్ల గెల్డ్రియా కోట ఉండేది, కరువు ఏళ్లలో తెలుగు, తమిళ కుటుంబాల పిల్లల్నీ పెద్దల్నీ తక్కువ ధరకి కొని ఆ రేవు నుంచీ మిగతా రేవుల నుంచీ వేలమందిని బటావియాకి పంపారు. తిండి లేక తమని తాము అమ్ముకున్నవాళ్లు కూడా అందులో ఉన్నారు. మొదట బట్ట వెళ్లింది, తర్వాత మనుషులు వెళ్లారు, ఒకే సముద్రం మీద, ఒకే కంపెనీ ఓడల్లో. వాళ్ల పేర్లు ఏవైనా రికార్డుల్లో ఉంటే డచ్చి గుమాస్తా పెట్టిన పేర్లే ఉంటాయి, అమ్మానాన్నలు పెట్టిన పేర్లు ఉండవు.

రన్ దీవి మాట మీలో కొందరు వినే ఉంటారు, ఇంటర్నెట్‌లో బాగా తిరుగుతుంది. రన్ ఇంగ్లీషువాళ్ల చేతిలో కొన్నాళ్లు ఉంది, 1667లో డచ్చివాళ్లతో చేసుకున్న బ్రెడా ఒప్పందంలో దాని మీద హక్కు వదులుకున్నారు, అటు న్యూయార్క్ ఉన్న ప్రాంతం ఇంగ్లీషువాళ్లకే ఉండిపోయింది. జాజికాయ దీవికి మన్‌హట్టన్ మారకం అని ముచ్చటగా చెప్తారు. నిజానికి ఎవరి చేతిలో ఉన్నది వాళ్లకే అన్న ఒప్పందం అది. నా బాధ ఏంటంటే బాండా గురించి లోకానికి తెలిసింది ఈ ఒక్క ముచ్చటే, 1621 కాదు.

ఆ గుత్తాధిపత్యం నూటయాభై ఏళ్ల పైన నడిచింది. వేరే చోట మొలకెత్తకుండా జాజికాయల్ని సున్నంలో ముంచి అమ్మేవాళ్లు. ధర పడిపోతుందంటే గోడౌన్లలో ఉన్న సరుకు తగలబెట్టేవాళ్లు. చివరికి పియెర్ పువావ్ర్ అనే ఫ్రెంచి అతను 1770 ప్రాంతంలో మొక్కలు తెప్పించి మారిషస్‌లో పెంచాడు, ఆ తర్వాత నెపోలియన్ యుద్ధాల కాలంలో బాండా ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చినప్పుడు మొక్కలు పెనాంగ్ వంటి చోట్లకి తీసుకుపోయారు. ఇప్పుడు కరీబియన్‌లో గ్రెనెడా దేశం జెండా మీదే జాజికాయ ఉంటుంది. కంపెనీ 1799 చివర్లో రద్దయింది, అప్పులతో.

మన బట్ట కథ మీకు తెలుసు కాబట్టి రెండు ముక్కల్లో చెప్తాను. ఇక్కడి కలంకారీ, అద్దకం బట్టలకి యూరప్ ఎంత మోజు పడిందంటే 1686లో ఫ్రాన్స్, 1721లో ఇంగ్లండ్ వాటిని కట్టుకోవడమే నిషేధించాయి. నిషేధం చాటున వాళ్ల అద్దకం పరిశ్రమ పెరిగింది, తర్వాత యంత్రాలు వచ్చాయి, మన జిల్లాలు ఇంగ్లీషు కంపెనీ కిందకి పోయాయి, నేతగాడు కంపెనీ చెప్పిన ధరకి కంపెనీకే నెయ్యాలన్న పరిస్థితి వచ్చింది. గమనించారా, బాండాలో జాజికాయ రైతుకి చెప్పిన మాటే ఇది. అక్కడ డచ్చి కంపెనీ, ఇక్కడ ఇంగ్లీషు కంపెనీ, పద్ధతి ఒక్కటే. కొనేవాడు ఒక్కడే ఉండాలి, ధర వాడే చెప్పాలి, కాదంటే సిపాయిలు ఉన్నారు.

అందుకే యూరప్ ఏమిచ్చింది, ఏం తీసుకుంది అని దేశాలవారీగా లెక్క కట్టడం నాకు సరిపోదనిపిస్తుంది. పొటోసి వెండి, బందరు బట్ట, బాండా గింజ, పులికాట్ రేవులో ఎక్కిన మనిషి, ఈ నాలుగూ ఒకే ఖాతా పుస్తకంలో పక్కపక్కన రాసి ఉన్నాయి. మనం మాత్రం మన పుట ఒక్కటే చదువుకుంటున్నాం.

ఎవరో చెయ్యెత్తారు, అడగండమ్మా. ... యూరప్ నుంచి మంచి ఆలోచనలు కూడా వచ్చాయి కదా, స్వేచ్ఛ, సమానత్వం, అని అడుగుతున్నారు. వచ్చాయి, కాదనను. మహమ్మద్ హట్టా అని ఇండొనేసియా స్వాతంత్ర్య నాయకుడు, తర్వాత ఆ దేశానికి తొలి ఉపాధ్యక్షుడు, 1920లలో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో చదువుకున్నాడు. అక్కడ నేర్చుకున్న ఆర్థిక శాస్త్రంతోనే వలస పాలన తప్పుని వాళ్ల భాషలో వాళ్లకే చెప్పాడు. దానికి ఆ ప్రభుత్వం ఏం చేసింది? ప్రవాసం పంపింది. 1936 నుంచి 1942 దాకా ఆయన్నీ, ఆయన తోటి నాయకుడు సుతాన్ షహ్రీర్‌నీ ఉంచింది ఎక్కడో తెలుసా, ఈ బాండా నేరాలోనే. వాళ్లిద్దరూ అక్కడి పిల్లలకి చదువు చెప్పారు. ఇప్పుడు బాండాలో ఒక దీవి పేరు హట్టా. ఆలోచనలు పుస్తకాల్లో వచ్చాయి, నిజమే, వాటిని ఇక్కడి మనుషులు చేతిలోకి తీసుకుని పోరాడితేనే ఆ మాటలకి అర్థం వచ్చింది. ఆ ఘనత వాళ్లకే ఇస్తాను.

వెనకాల ఇంకొకరు. ... బాండా అసలు వాళ్లెవరైనా మిగిలారా అని. మిగిలారు. 1621లో కొందరు పడవల్లో తప్పించుకుని తూర్పున కేయ్ దీవులకి చేరారు. అక్కడ బాండా ఎలీ, బాండా ఎలాట్ అని రెండు ఊళ్లు ఇప్పటికీ ఉన్నాయి, బాండాలో మాయమైన భాష ఆ ఊళ్లలో ఇంకా మాట్లాడుతున్నారు. ఇక కూన్ విగ్రహం అతను పుట్టిన హోర్న్ పట్టణం నడిబొడ్డున 1893 నుంచి ఉంది. 2011లో క్రేన్ తగిలి పడిపోతే, మళ్లీ పెట్టాలా వద్దా అని అక్కడివాళ్లే గట్టిగా వాదించుకున్నారు. పెట్టారు, కింద అతను బాండాలో చేసింది కూడా రాశారు. తీసేయాలని ఇప్పటికీ అడుగుతున్నవాళ్లు ఉన్నారు, నేనైతే వాళ్ల పక్షమే.

చివరిగా విద్యార్థులకి ఒక మాట. ఈ డచ్చి కంపెనీ కాగితాలు నెదర్లాండ్స్‌లోని హేగ్‌లో ఉన్నాయి, జకార్తాలో ఉన్నాయి, మన చెన్నై ఆర్కైవ్స్‌లో కూడా ఉన్నాయి. హేగ్‌లో ఉన్నవి లక్షల పుటలు స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారు. బందరు కొఠీ నుంచి వెళ్లిన ఉత్తరాలు, బట్టల రకాలు, ధరలు, వర్తకుల పేర్లు, కరువుల వివరాలు అందులో ఉన్నాయి. 17వ శతాబ్దపు తెలుగు ఊళ్ల గురించి అంత వివరం మనకి ఇంకెక్కడా దొరకదు, కానీ అది చదవాలంటే పాత డచ్చి భాష రావాలి, అది నేర్చుకున్న తెలుగువాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది కూడా లేరు. మీలో ఇద్దరు ముగ్గురు ఆ పని మీద కూర్చుంటే చాలు. ఎక్కడ మొదలుపెట్టాలో, ఆ వెబ్‌సైట్‌లో బందరు ఉత్తరాలు ఎలా వెతకాలో నేను చూపిస్తాను, మీటింగ్ అయ్యాక ల్యాప్‌టాప్ తెరిచి ఇక్కడే కూర్చుంటాను, రండి.